ధైర్యానికీ సాహసానికీ మధ్య: విశాఖ ఉక్కు ఉద్యమంలో తెన్నేటి విశ్వనాథం నాయకత్వం

విశాఖపట్నంలో రైలు పట్టాలకూ జాతీయ రహదారికీ ఆనుకొని పెరిగిన పేట కంచరపాలెం. కంచు కరిగించి పోత పోసే వృత్తివారు కంచరులు. ఊరిని అంటి వెలసిన చిన్న నివాసం పాలెం. పేరులోనే లోహాన్ని మోసే ఈ పేట ఇరవయ్యో శతాబ్దంలో మరో లోహం పేరు చుట్టూ తిరిగిన చరిత్రకు సాక్షిగా నిలిచింది. 1933లో రేవు ప్రారంభమైంది. 1941లో సింధియా సంస్థ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1948లో అక్కడినుంచే ‘జల ఉష’ నీటిలోకి దిగింది. 1957 నాటికి చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. రేవుకూ రైల్వేకూ నౌకాకేంద్రానికీ కూలికీ కొలువుకూ వచ్చిన ఉత్తరాంధ్ర గ్రామీణులు కంచరపాలెం వంటి పేటలను నింపారు. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి ఉన్న చోటు గనుక ఈ జిల్లా యువకులకు కంచరపాలెం ఒక పేట పేరు మాత్రమే కాదు, ఉద్యోగం కోసం పేరు నమోదు చేయించుకొనే చోటు పేరు కూడా. ఇలాంటి పేటలో ‘ఉక్కు’ అన్న మాటకు లోహం అన్న అర్థం రెండోది. మొదటి అర్థం జీతం.

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం రాష్ట్రాన్ని ఊపినప్పుడు ఆ ఉద్యమానికి ఏర్పడిన అఖిలపక్ష కార్యాచరణ సంఘానికి అధ్యక్షుడు తెన్నేటి విశ్వనాథం (1895–1979). ఆయన జీవితాన్ని నాయకత్వానికి నమూనాగా చెప్పే రచనలు సాధారణంగా ధైర్యాన్ని ఒక స్వభావగుణంగా, పుట్టుకతో వచ్చిన సొత్తుగా వర్ణించి ఊరుకుంటాయి. ధైర్యం ఎప్పుడు, ఎవరి పక్షాన, ఎవరి ఖర్చుతో ప్రదర్శితమైందన్న ప్రశ్న వాటిలో కనిపించదు. ఆ ప్రశ్నను ముందు పెట్టుకొని తెన్నేటి నాయకత్వాన్నీ, ఆ ఉద్యమం మాటనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల లోతు

నేటి వాడుకలో ధైర్యం, సాహసం పర్యాయపదాలు. శాస్త్రపరిభాషలో కావు. ధర్మశాస్త్రాల్లోనూ అర్థశాస్త్రంలోనూ సాహసం ఒక వ్యవహారపదం. బలప్రయోగంతో, బాహాటంగా చేసిన నేరానికి అది పేరు. నేరం కాస్తా కాలక్రమంలో ప్రశంసగా మారిన తీరు భాషాచరిత్రలో ఆసక్తికరమైన ఘట్టమే. ధీరత్వం అలా కాదు. నాట్యశాస్త్ర సంప్రదాయంలో నాయకుల భేదాలు నాలుగు: ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. స్వభావాలు ఎంత భిన్నమైనా నలుగురికీ ముందు ‘ధీర’ తప్పలేదు. ఉద్ధతుడు కూడా ధీరుడైతేనే నాయకుడు. వీరరసానికి స్థాయీభావంగా లాక్షణికులు చెప్పింది ఉత్సాహాన్ని. ఆ వీరం యుద్ధానికే పరిమితం కాదు. దానవీరం, ధర్మవీరం, దయావీరం అన్న భేదాలను కూడా గుర్తించారు. కథలో నాయకుడికీ ప్రజల నాయకుడికీ తెలుగులో ఒకటే మాట ఉండడం వల్ల ఈ పరిభాష రాజకీయ చరిత్రకు కూడా అక్కరకు వస్తుంది.

ధీరత అంటే కదిలించే కారణాలు ఎదుట ఉన్నా చలించకపోవడం. సాహసానికి ఒక క్షణం చాలు. ధీరతకు కాలం కావాలి. తెన్నేటి విషయంలో ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే ఆయన ఎవరి అనుచరుడిగా ప్రసిద్ధుడో ఆ మనిషి పేరు సాహసానికే మారుపేరైంది.

గురువు గుండె, శిష్యుడి కలం

1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంగా కాల్పులు జరిగాయి. మరణించిన ప్రదర్శకుడి శవాన్ని చూడడానికి టంగుటూరి ప్రకాశం బయలుదేరారు. తుపాకులు అడ్డు వచ్చినప్పుడు ఆయన గుండె చూపించారు. ఆంధ్రకేసరి అన్న బిరుదు చుట్టూ అల్లుకొన్న కథలన్నిటికీ ఇదే కేంద్రం. విగ్రహాలూ పాఠ్యపుస్తకాలూ ఛాతీని మాత్రమే గుర్తు పెట్టుకొన్నాయి. ఆయన ఎక్కడికి వెళ్తున్నారో మరిచిపోయాయి. ఆయన తుపాకీని వెతుక్కుంటూ పోలేదు. చనిపోయినవాడి దగ్గరకు పోతుంటే తుపాకీ అడ్డు వచ్చింది. ధైర్యానికి దిశ ఉంటుందని చెప్పడానికి తెలుగువారి ఇటీవలి చరిత్రలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

చోడవరం ప్రాంతంలోని లక్కవరంలో పుట్టి, విశాఖపట్నంలో న్యాయవాదిగా స్థిరపడి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లిన తెన్నేటి ఆ ప్రకాశానికి అత్యంత సన్నిహితుడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం మంత్రివర్గంలో ఆయన ఆర్థికమంత్రి. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. మద్యనిషేధం వివాదంలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. ఖజానా లేని రాష్ట్రానికి ఆర్థికమంత్రిగా ఉండడం ఎలాంటిదో తెలిసిన మనిషి పన్నెండేళ్ల తరువాత పరిశ్రమ కోసం పోరాడే సంఘానికి అధ్యక్షుడయ్యాడన్నది గమనించదగిన విషయం. ఉక్కు ఆయనకు ఉద్వేగం కావడానికి ముందు లెక్క.

సాహిత్య విద్యార్థులకు తెన్నేటి మరో విధంగా పరిచితుడు. ప్రకాశం ఆత్మకథ ‘నా జీవితయాత్ర’లో మొదటి మూడు భాగాలు ప్రకాశానివి, నాలుగో భాగం తెన్నేటిది. ప్రకాశం 1957 మే 20న కన్నుమూశారు. ఒకరి ఆత్మకథను మరొకరు పూర్తిచేయడం ప్రక్రియాపరంగా చిక్కు ప్రశ్న. ‘నేను’ వెళ్లిపోయాక మిగిలిన జీవితాన్ని చెప్పే వ్యక్తి ఏ స్థానంలో నిలబడి చెప్పాలి? తానూ పాత్రధారి అయిన సంఘటనల్లో తనను ఎంతమేరకు కనిపించనివ్వాలి? తెన్నేటికి సొంత జీవితయాత్ర రాసుకొనే అర్హత లేకపోలేదు. పుస్తకం మీద పేరు మరొకరిది అయినా ఆ కథను చివరిదాకా మోయడం ఎన్నుకొన్నారు. ఈ పని ఆయన రాజకీయ పద్ధతికి అనుబంధం కాదు, దానికి తాళంచెవి. ఇతరుల పేరు ముందుంచి తాను భారం మోసే నాయకత్వం 1966లో ఆయన నిర్వహించిన పాత్రలోనూ కనిపిస్తుంది.

నిరశన ఒకరిది, అధ్యక్షత ఒకరిది

అయిదో ఉక్కు కర్మాగారానికి స్థలాన్ని సూచించేందుకు నియమితమైన బ్రిటిష్–అమెరికన్ సాంకేతిక బృందం 1965లో విశాఖపట్నాన్ని అనువైన చోటుగా సిఫారసు చేసింది. అప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ నీలం సంజీవరెడ్డిదే. 1966లో కేంద్రం వెనుకడుగు వేస్తున్న సూచనలు కనిపించాయి. రాష్ట్ర శాసనసభ కర్మాగారం విశాఖలోనే రావాలని తీర్మానించింది. అక్టోబరు నెల నడుమ గుంటూరు ప్రాంతానికి చెందిన టి. అమృతరావు విశాఖపట్నంలో ఆమరణ నిరాహారదీక్ష ప్రారంభించారు. 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్షలో ప్రాణం వదిలిన జ్ఞాపకం అప్పటికి పద్నాలుగేళ్లది మాత్రమే. అక్టోబరులో మొదలైన మరో నిరశన అన్న మాట వినగానే ప్రజల మనసు ఎక్కడికి పోయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

డెబ్బై ఒక్కేళ్ల తెన్నేటి అప్పుడు నగరంలో అందరికంటె పెద్దతలకాయ. దీక్షలో కూర్చున్నది ఆయన కాదు. బయటినుంచి వచ్చిన వ్యక్తి శరీరం ఉద్యమానికి కేంద్రమైంది. కాంగ్రెసులో ఒక వర్గం, కమ్యూనిస్టుల రెండు పార్టీలు, సోషలిస్టులు, స్వతంత్రులు, విద్యార్థులు – ఒకరినొకరు నమ్మని వీరందరూ కూర్చోగలిగిన బల్ల ఒకటి కావలసి వచ్చింది. ఆ బల్లకు తెన్నేటి అధ్యక్షుడు. ఆయనకు అప్పుడు వెనుక పెద్ద పార్టీ లేకపోవడమే ఇక్కడ అర్హతగా మారింది. బలహీనతగా కనిపించే స్థితిని అందరికీ ఆమోదయోగ్యమైన స్థితిగా మలుచుకోవడం, కీర్తి దక్కే ఆసనాన్ని మరొకరికి వదిలి వాదన, రాయబారం, కూడగట్టడం అనే మూడు నీరసమైన పనులను తన వంతుగా తీసుకోవడం – ధీరోదాత్తుడిలో లాక్షణికులు కోరిన వినయగర్భమైన స్థిరత్వానికి ఇది ఆధునిక రూపం. నాయకత్వ పాఠాలు చెప్పే పుస్తకాలు ఎప్పుడూ ముందు నడిచేవాడినే చూపిస్తాయి. పదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టగలిగినవాడు వాటి కంటికి ఆనడు.

ఏడు మాత్రల మాట

ఉద్యమాన్ని నిలబెట్టిన నినాదాన్ని తెలుగు పరిశోధకులు రాజకీయ పదబంధంగానే వదిలేయడం వింత. ‘విశాఖ ఉక్కు’లో లెక్కిస్తే ఏడు మాత్రలు. ‘ఆంధ్రుల హక్కు’లో మళ్లీ ఏడు. రెండు పాదాలూ నాలుగు, మూడుగా విరుగుతాయి. ‘విశాఖ’, ‘ఆంధ్రుల’ నాలుగేసి మాత్రలు. ‘ఉక్కు’, ‘హక్కు’ మూడేసి. మిశ్రగతికి అలవాటైన చెవి దీన్ని నడకలో అడుగుతో కలిపి అందుకొంటుంది. ‘ఉక్కు’, ‘హక్కు’ రెండూ గురువుతో మొదలై ‘క్కు’ అన్న ద్విత్వం మీద ఆగుతాయి. పద్యంలో ప్రాసకు కావలసిన నియమమంతా ఇక్కడ ఉంది. ‘విశాఖ ఉక్కు’ అన్నచోట అకారసంధి బహుళం గనుక చేసే వీలున్నా గొంతు సంధి చేయలేదు. ఆ విరామంలో ‘ఉక్కు’ విడిగా, నిటారుగా నిలబడింది.

పదాల పుట్టుక ఇంకా ఆసక్తికరం. ఉక్కు ద్రావిడ పదం. ఐరోపా భాషలు ‘వూట్జ్’ అని పిలిచిన ప్రసిద్ధ లోహం పేరు ఈ మాటనుంచే పుట్టిందని పండితుల అభిప్రాయం. నిర్మల్ సమీపంలోని కోనసముద్రంలో కొలిమిలో కాచిన ఉక్కు డమాస్కస్ కత్తుల దాకా ప్రయాణించింది. హక్కు అరబ్బీ ‘హఖ్’. ఆ మూలంలో దానికి సత్యం అన్న అర్థం కూడా ఉంది. పారసీక, ఉర్దూ పాలనా వ్యవహారాల ద్వారా భూమి కాగితాల్లోకీ కచేరీ భాషలోకీ, అక్కడినుంచి పల్లె నోటిలోకీ వచ్చింది. ఒకనాడు ఇక్కడినుంచి పడమరకు పోయిన లోహం పేరూ, అక్కడినుంచి ఇక్కడికి వచ్చిన న్యాయం పేరూ 1966లో ప్రాస కలిశాయి. పాత కావ్యభాషలో ఉక్కు అంటే బలం, శౌర్యం కూడా. ఒకడి ఉక్కు అడగడం అంటే వాడి పొగరు దిగిపోవడం. అందువల్ల ఈ నినాదం కోరినది కర్మాగారాన్నే అయినా చెవిలో పడింది అంతకంటె పెద్ద మాట.

వాక్యనిర్మాణం కూడా చూడదగింది. ఇందులో క్రియ లేదు. ‘కావాలి’, ‘ఇవ్వండి’ అన్న అర్థింపు లేదు. ఇది నామవాక్యం, ఉన్నదాన్ని ఉన్నట్టు ప్రకటించే వాక్యం. విన్నపాల మర్యాదలో పెరిగిన రాజకీయభాషలో ఈ నిష్క్రియావాక్యం ఒక మలుపు. న్యాయవాది తెన్నేటి సంఘానికి సమకూర్చిన పునాది కూడా ఇదే తరహా. సాంకేతిక బృందం సిఫారసు ఉంది, శాసనసభ తీర్మానం ఉంది, కాబట్టి అడుగుతున్నది దయ కాదు. నినాదం భావావేశంలా ధ్వనించినా దాని లోపలి తర్కం వాదపత్రానిది.

నవంబరు 1

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా పదేళ్లు నిండిన రోజు 1966 నవంబరు 1. ఆ రోజున విశాఖపట్నంలో పోలీసు కాల్పులు జరిగాయి. మరణించినవారిలో పాఠశాల వయసు బాలుడూ ఉన్నాడు. రాష్ట్రంలో పలుచోట్ల జరిగిన కాల్పుల్లో మొత్తం 32 మంది చనిపోయారన్నది ఉద్యమచరిత్రలు అంగీకరించిన సంఖ్య. నవంబరు తొలివారంలో ప్రభుత్వ హామీతో అమృతరావు దీక్ష విరమించారు. యాభైమందికి పైగా శాసనసభ్యులు పదవులు వదులుకొన్నారు.

నాయకత్వ చర్చ ఇక్కడ కఠినమవుతుంది. ప్రకాశం 1928లో పణంగా పెట్టింది తన గుండె. 1966లో తుపాకీ ఎదుట నిలిచిన గుండెలు కార్యాచరణ సంఘంవారివి కావు. ఇది తెన్నేటి మీద నింద కాదు. ఏ ప్రజోద్యమానికైనా తప్పని స్థితి. పదిమంది పిలుపు విని లక్షమంది బయటికి వస్తారు, గుండు ఎవరిని వెతుక్కుంటుందో పిలిచినవారి చేతిలో ఉండదు. అయితే ధీరుడన్న మాటకు ఇక్కడ కొత్త పరీక్ష ఎదురవుతుంది. ఇతరుల రక్తం పడ్డాక నాయకుడికి రెండు సులభమైన దారులు ఉంటాయి. ఆ రక్తాన్ని చూపి ఇంకా మంట రాజేయడం ఒకటి. హామీ దొరికింది గనుక పని అయిందని ఇంటికి పోవడం మరొకటి. మొదటిది సాహసం, పాత అర్థంలోనే. రెండోది వివేకంలా కనిపించే మరుపు.

తెన్నేటి మూడో దారి పట్టారు. 1967 ఎన్నికల్లో విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి గెలిచారు. డెబ్బై రెండో ఏట, పార్టీ అండ లేకుండా, వీధిలో పలికిన మాటను సభలో పలికేందుకు ఆయన ఢిల్లీ వెళ్లారు. కాగితం మీద ఎక్కని హామీని గుర్తుచేస్తూ ఉండడం కంటె విసుగు పుట్టించే పని రాజకీయాల్లో లేదు. అందులో పతాకశీర్షికలు ఉండవు, విగ్రహానికి తగిన భంగిమ ఉండదు. కాల్పుల నాటినుంచి మూడున్నరేళ్లు గడిచాక, 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ప్రకటన తెచ్చిన ఘనతను ఏ ఒక్కరికో కట్టబెట్టడం చరిత్ర కాదు. 1966 నాటి జనం, రాజీనామాలు, మారిన ఢిల్లీ రాజకీయాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ మూడున్నరేళ్లూ విషయాన్ని చల్లారనివ్వకుండా చూసినవారిలో తెన్నేటి ముందువరసవాడు అనడం మాత్రం నిరాక్షేపం.

విశాఖ చరిత్రలో ధైర్యం అనగానే మన్యంలో పోలీసు స్టేషన్లపై దాడిచేసిన అల్లూరి సీతారామరాజు గుర్తుకు రావడం సహజం. ఆయన పోరాటం 1922 ఆగస్టునుంచి 1924 మే దాకా, రెండేళ్ల లోపు. అంత తీవ్రత కథనానికి ఒదుగుతుంది. అందుకే సీతారామరాజు మీద పాటలూ బుర్రకథలూ నాటకాలూ సినిమాలూ పుట్టాయి. తెన్నేటి మీద పుట్టలేదు. కూడగట్టడం, గుర్తుచేయడం, వేచి ఉండడం అన్నవాటికి మన వీరగాథా సంప్రదాయంలో ఛందస్సు లేదు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమా ఆ పేటవాసులనే నటులుగా పెట్టుకొని, వీరుడు లేని కథ కూడా తెలుగువారు చూస్తారని రుజువు చేసింది. సాహిత్యచరిత్ర ఆ సంగతి గుర్తించవలసి ఉంది.

శిలాఫలకం తరువాత

శంకుస్థాపనకూ నిర్మాణానికీ మధ్య పదేళ్లకు పైగా వ్యవధి. తెన్నేటి 1979లో మరణించారు. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982లో ఏర్పడింది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకొన్న బ్లాస్ట్ ఫర్నేసులలో మొదటిది 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. తెన్నేటికి కర్మాగారంగా కళ్లబడింది ఒక శిలాఫలకం మాత్రమే.

ఇదే వ్యవధిలో మరో సమూహం ధైర్యం లెక్కలోకి రాకుండా పోయింది. కర్మాగారం కోసం అరవై దాకా గ్రామాల ప్రజలు ఇరవై వేల ఎకరాలకు పైగా భూమి వదిలారు. హక్కు అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో, ఆ భూమి కాగితమే వారి చేతినుంచి జారిపోయింది. దాని బదులు వారికి అందింది ‘ఆర్ కార్డు’ అనే పునరావాస పత్రం. కార్డు ఉన్న కుటుంబాలన్నిటికీ ఉద్యోగం రాలేదు. ‘ఆంధ్రుల హక్కు’ అన్నప్పుడు ఆ షష్ఠి ఎవరిని కలుపుకొంది, ఎవరిని మినహాయించిందన్న ప్రశ్న వ్యాకరణానిది మాత్రమే కాదు. 1966లో వీధికెక్కిన ఏ వర్గమూ ఆ ప్రశ్న వేసుకోలేదు. అప్పటికి ఆ గ్రామాల పేర్లు పటం మీద ఊళ్లే గాని ‘స్థలం’ కాలేదు.

2021 జనవరి 27న కర్మాగారంలో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కొద్దిరోజుల్లోనే కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహారదీక్షల శిబిరం వెలిసింది. 1966 నాటి ఏడేసి మాత్రల నినాదమే ఒక్క అక్షరం మారకుండా మళ్లీ వినిపించింది. పలికినవారిలో ఎక్కువమంది 1966 తరువాత పుట్టినవారు. ఈసారి ఆ గుంపులో ఆర్ కార్డులు పట్టుకొన్న నిర్వాసితులు కూడా ఉన్నారు.